అమావాస్య నాడు మగ్గం ఆడదు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, దసరా సెలవుల తర్వాత కోర్టులు తెరిచిన వారంలోనే, నన్ను హిందూపురం నుంచి ధర్మవరం మేజిస్ట్రేటు కోర్టుకు బదిలీ చేశారు. హోదా అదే, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. క్లుప్తంగా ఏపీపీ అంటారు. పోలీసులు దర్యాప్తు చేసి చార్జిషీటు వేస్తారు, దాన్ని కోర్టులో ప్రభుత్వం తరఫున నడిపేది మేము. కేసు గెలిస్తే పోలీసులకు పేరు, ఓడితే ఏపీపీకి చీవాట్లు. ఇది ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చూసిన న్యాయం.

ధర్మవరంలో నా బల్ల మీదికి వచ్చిన మొదటి పెద్ద కేసు మగ్గాల సర్వే అల్లరి కేసు. పేర్లు మార్చి చెబుతున్నాను. పెనుకొండకు చెందిన సరళ అనే అమ్మాయి కాంట్రాక్టు మీద సర్వే అసిస్టెంటుగా చేసేది. ఇంటింటికీ వెళ్లి మగ్గాన్ని ఫోనుతో ఫోటో తీసి, దానికి నంబరున్న స్టిక్కరు అంటించడం ఆమె పని. ఒక నేతవీధిలో జనం ఆమెను చుట్టుముట్టారు. సర్వే జీపు తగలబెట్టారు. ఎవరో విసిరిన నాడె వచ్చి ఆమె ఎడమ కంట్లో గుచ్చుకుంది. నాడె అంటే నేతలో పేక పోగును అటూ ఇటూ మోసుకుపోయేది, రెండు కొసలా ఇనుప ముక్కు ఉంటుంది. ఆ కన్ను మళ్లీ చూడలేదు.

అంత కోపం దేనికి? ఫైలులో జవాబు ఉంది. ఆ వీధివాళ్ల ఫోన్లలో ఒక గ్రూపు ఉండేది. దాని అడ్మిన్ హిందూపురంలో ఫోన్ల దుకాణం నడిపే రఘు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లో మొదలైన గ్రూపు అది. అందులోని మెసేజీలన్నీ కూర్చుని చదివాను. మొదట్లో పట్టు రేటు పెరిగిందన్న మాట, అది నిజం. తర్వాత పవర్‌లూమ్ చీరలను చేనేత అని అమ్ముతున్నారన్న మాట, అదీ చాలావరకు నిజమే. ఆ తర్వాత దీని వెనక ఎవరో ఉన్నారని వచ్చింది. ఆపైన ఆ 'ఎవరో'కి మొహం వచ్చింది, ఊరు వచ్చింది, మన ఇంటికి వచ్చే మనిషి కూడా వాళ్ల మనిషే అయ్యాడు. చివరికి సర్వే రోజు పొద్దున ఒకటి వచ్చింది. స్టిక్కరులో చిప్పు ఉంది, అంటించిన మగ్గం డిజైను కంపెనీకి పోతుంది, ఆర్నెల్లలో ఇల్లు కూడా పోతుంది, ఈ రోజు ఆపకపోతే ఇక ఆపలేరు అని.

నవ్వుకోవడం తేలిక. నాకు నవ్వు రాలేదు. రెండు నిజాలు ముందు నడిస్తే, వెనక వచ్చే అబద్ధాన్ని గడప దగ్గర ఎవరూ ఆపి అడగరు.

రెండో ముద్దాయి చెన్నకేశవులు. యాభై దాటిన నేతగాడు. నాడె విసిరింది అతనేనని సరళ వాంగ్మూలం. రఘు మొదటి ముద్దాయి, రెచ్చగొట్టినందుకు. జీపు దగ్గర పట్టుబడినవాళ్లు మిగతావారు. అప్పటికింకా పాత శిక్షాస్మృతే, పాత సెక్షన్లే. చట్టవిరుద్ధంగా గుమికూడిన గుంపులో ఉంటే చాలు, గుంపు చేసినదానికి అందరూ బాధ్యులయ్యే సెక్షన్ కూడా ఉంది. కానీ ముందు గుంపులో ఎవరున్నారో రుజువు కావాలి కదా! ఆ వీధిలో గుంపు ఉంది, గుంపులో మనిషే లేడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు తీసుకునేవాడు కూడా లేడు.

విచారణ మొదలవకముందే వీధి పెద్ద నాగభూషణం నలుగురిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ బిడ్డకు అన్యాయం జరిగింది మేడమ్, మాకు తెల్దా? అట్లని వీధంతా జైలుకు పోవాల్నా? ఆడ గుంపు ఉండాది. గుంపులో ఎవురు ఇసిరినారో ఎవురికి కనపడ్తాది? మీరొక మాట చెప్తే ఆ పాప రాజీకి వస్తాది."

ఇనుప ముక్కుతో కన్ను పోగొట్టిన నేరానికి కోర్టు బయటి రాజీ చెల్లదని చెప్పాను. అతను కదలలేదు. "సాక్షి ఊరికే ఉంటే చాలు గదా మేడమ్" అన్నాడు. నా ఒళ్లు మండింది. సాక్షిని ఊరికే ఉండమనడం కూడా నేరమేనని, ఇంకో మాట మాట్లాడితే అది కూడా రాయించి సంతకం తీసుకుంటానని చెప్పి తలుపు చూపించాను. పోతూ పోతూ, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని నాకు వినబడేట్టే అన్నాడు. ఉలిపికట్టె సరళో నేనో అడగలేదు.

సరళ మర్నాడు వచ్చింది. సాక్షికి ఏం చెప్పాలో నేర్పకూడదు, పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం గుర్తుచేయవచ్చు, అంతవరకే. చదివి వినిపించాను. వాళ్లు ఆమె ఇంటికి కూడా వెళ్లారట, వాళ్ల నాయన కాళ్లు పట్టుకున్నారట. నువ్వేమన్నావని అడిగాను.

"గుంపు చేసింది అంటాండారు మేడమ్. గుంపుకు చెయ్యి ఉంటాదా? నా కంట్లో పడింది ఒక చేతిలోనించి. ఆ చెయ్యి ఎవురిదో కోర్టు చెప్పాల. అంతవరకు నేను యాడికీ పోను."

ఈ కేసులో తేలవలసింది సరిగ్గా అదే. అంతకంటే బాగా చార్జిషీటు కూడా చెప్పలేదు.

ముందు ఆమెనే విచారించాం. ఇంట్లోకి వెళ్లగానే చెన్నకేశవులు తనకు మొదట మజ్జిగ ఇచ్చాడని చెప్పింది. ఒక చేతిలో నాడె పట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడని, ఆ తర్వాత ఫోను చూసుకుని మొహం మార్చుకున్నాడని, అంతలో జనం లోపలికి తోసుకొచ్చారని చెప్పింది. డిఫెన్సు వకీలు హిందూపురం నుంచి వచ్చేవారు, గట్టివారు. "నీ కళ్లు ఫోను మీదున్నాయి. ఎవరు విసిరారో ఎలా చూశావు?" అని గద్దించారు. ఆమె తొణకలేదు.

"అవును సార్, ఫోన్లోనే చూస్తాండా. ఫోటో కోసం ఫోను మగ్గం మీదికి పట్టినా. మగ్గం యెనక ఆయప్ప చెయ్యి ఎత్తింది ఫోన్లోనే కనపడింది. బటన్ నొక్కేలోపల నాడె వచ్చింది."

ఆ ఫోను కూడా అక్కడే పగిలిపోయింది. ఫోటో లేదు. ఉన్నది ఆమె మాట ఒక్కటే. గాయపడిన సాక్షి మాటకు బరువెక్కువ అని పై కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా ఒకే ఒక్క సాక్షి మీద కేసు నిలబెట్టడమంటే ఒంటి పోగు మీద చీర ఆరేసినట్టే.

తర్వాత వీధి సాక్షుల వంతు. ఒక్కొక్కరే బోనెక్కి, పోలీసులకు చెప్పిన మాట కాదని అడ్డం తిరిగారు. ఇలా తిరిగినవాణ్ణి హాస్టైల్ సాక్షి అంటాం. కోర్టు అనుమతితో మా సాక్షికి మేమే అడ్డప్రశ్నలు వేయవచ్చు. అందరిదీ ఒకటే పాఠం. "నేను మగ్గం గుంతలో కూచొని నేస్తాండా సార్. తల ఎత్తలేదు. మగ్గం సప్పుడులో ఏమీ ఇనపళ్లేదు." ముందు బాగానే ఉంది అనిపిస్తుంది. అక్కడి మగ్గాలకు గుంత ఉంటుంది, అందులో కాళ్లు పెట్టి కూర్చుంటే వీధి కనిపించదు. జీపు కాలుతుంటే వాసనైనా రాలేదా అని అడిగితే జలుబు చేసిందన్నాడొకడు!

నాకు ఎక్కడో పంటి కింద రాయిలా తగిలింది. నేతవాళ్లు వాయిదా కోరితే ఎప్పుడు కోరతారో కోర్టులో గుమాస్తా నుంచి బంట్రోతు దాకా అందరికీ తెలుసు. అమావాస్యకే. ఆ రోజు వాళ్లు మగ్గం ఎక్కరు. మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ఊరికే ఉంటారు. కూలి పోదు కాబట్టి కోర్టుకు ఆ రోజే వస్తామంటారు. నేను పంచాంగం తెప్పించాను. అల్లరి జరిగింది అమావాస్య నాడే. మగ్గాలు ఖాళీగా ఉంటాయి, ఫోటోలు తీసుకోవడం సులువని సర్వేవాళ్లు ఆ రోజు పెట్టుకున్నారు.

వీధి సాక్షుల్లో ఒకడిగా నాగభూషణం బోనెక్కాడు. అదే పాఠం చెప్పాడు. నేను లేచాను.

"నాగభూషణం గారూ, మీ వంశంలో ఎవరైనా అమావాస్య నాడు నేశారా?"

ఆయనకు పౌరుషం వచ్చింది. "ఎంత మాటంటిరి మేడమ్! మా అవ్వ కాలం నించీ లేదు. అమావాస్య నాడు మగ్గం ఆడదు."

పంచాంగం మేజిస్ట్రేటు గారికి అందించాను. డిఫెన్సు వకీలు గారు తన క్లయింట్ల వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. పాపం, ఆయనకు చీరలు తెలుసు కానీ మగ్గం తెలియదు, పాఠం ఆయన నేర్పిందే. నేర్చుకున్నవాళ్లకైనా తోచవద్దా! ముద్దాయిల వరసలో చెన్నకేశవులు తల వంచుకుని నేల చూస్తున్నాడు.

సాక్షులు అబద్ధమాడారని తేలింది. నాడె ఎవరు విసిరారో మాత్రం ఇంకా తేలలేదు.

సాక్ష్యం ముగిశాక 313 సెక్షన్ కింద ముద్దాయి పరీక్ష. వచ్చిన సాక్ష్యమంతా మేజిస్ట్రేటు స్వయంగా ముద్దాయికి ఒక్కో ప్రశ్నగా చెప్పి, నువ్వేమంటావని అడుగుతారు. ప్రమాణం ఉండదు, ఏపీపీకి మాట్లాడే పని లేదు. వకీళ్లు ముద్దాయిలకు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే, అన్నిటికీ 'అబద్ధం' అను అని. సర్వీసంతా ఆ మాటే విన్నాను. చదవకుండానే రాసుకునే జవాబు అది.

రఘు ఆ మాట అనలేకపోయాడు. మెసేజీ ఎంతోమంది ఫోన్లలో దొరికింది, ఫోను సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువపత్రంతో సహా దాఖలు చేశాం. అందుకని వకీలు ఇంకో దారి పట్టించారు. పంపాడు కానీ ఉద్దేశం లేదు, అని. రఘు దాన్ని తన ధోరణిలో చెప్పాడు.

"పంపినా సార్. యాడి నుంచో వచ్చింది, చదవకుండా ఫార్వర్డ్ చేసినా. నేనే నమ్మలే. స్టిక్కర్‌లో చిప్పేంది సార్, చిన్నపిల్లోళ్లు గూడా నమ్మరు" అని చిన్నగా నవ్వాడు.

పక్కనే నిలబడ్డ చెన్నకేశవులు అతని వైపు తిరిగాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం చూడలేక నేను ఫైలులోకి తల దించుకున్నాను. ఏడాది పాటు పొద్దునా సాయంత్రం ఆ మనిషి మాటలు చదివి, వాటి కోసం చెయ్యెత్తిన మనిషి అతను.

అతని వంతు వచ్చింది. మొదటి ప్రశ్నకు అబద్ధమన్నాడు. రెండోదానికీ అన్నాడు. నాడె విసిరి సరళను గాయపరిచావని సాక్ష్యం ఉంది, ఏమంటావని మేజిస్ట్రేటు అడిగారు. వకీలు గొంతు సవరించుకున్నారు.

"నిజం సార్" అన్నాడు చెన్నకేశవులు. "నాడె నాదే. ఇసిరింది నేనే. మావోళ్లు అమావాస్య పూట నేస్తాంటిమని మగ్గం మీద అబద్ధం ఆడినారు. నన్ను కాపాడేకి ఆడినారు. ఇంగ సాలు సార్."

వకీలు లేచి అభ్యంతరం చెప్పబోయారు. మేజిస్ట్రేటు కూర్చోమని, ఆ మాటలు ఉన్నవున్నట్టు రాయించారు. 313లో ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేయడానికి వీల్లేదు. కానీ వేరే సాక్ష్యం ఉంటే దానికి అది బలం. సరళ మాట ఒంటి పోగుగా ఉన్నదల్లా రెండో పోగు తోడైంది. తోటి ముద్దాయి మీద మాత్రం ఆ జవాబు పనికిరాదు, రఘు కేసు మెసేజీల మీదే నిలబడాలి. నా వాదనలో ఆ 'ఈ రోజు ఆపకపోతే' అన్న వాక్యం చదివి, నమ్మనివాడు దాన్ని సరిగ్గా సర్వే రోజు పొద్దున ఎందుకు పంపాడని అడిగాను. నమ్మి పంపినవాడికైనా ఒక సాకు ఉంటుంది, నమ్మకుండా పంపినవాడికి ఏముందని కూడా అడిగాను.

ఇద్దరికీ శిక్ష పడింది, జీపు తగలబెట్టినవారికీ పడింది. రఘు అప్పీలుకు వెళ్లాడు, నేను రిటైరయ్యేనాటికి అది నడుస్తూనే ఉంది. నేరం రుజువయ్యాక, శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా అని ముద్దాయిని అడగడం విధి. పిల్లల్ని చూడమని, జబ్బుందని చెప్పుకుంటారు. చెన్నకేశవులు అవేవీ చెప్పలేదు.

"ఆ చిప్పు సంగతి నాకింకా తెల్దు సార్. ఉందో లేదో. ఆ పాప కన్ను సంగతి తెల్సు."

అతను అప్పీలు పెట్టుకోలేదు.

తీర్పు నకలు తీసుకోవడానికి సరళ పెనుకొండ నుంచి వచ్చింది. తెలుగు చేసి చెప్పమంది. నేను మొదలుపెట్టబోతే ఆపి అడిగింది. "ఇందులో ఆయప్ప పేరు రాసుండాదా మేడమ్, గుంపు అని రాసుండాదా?" పేరే ఉందని, ఆ లైను వేలు పెట్టి చూపించాను. కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. మిగతాది వినకుండానే మడిచి సంచీలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఎవరు ఏం నమ్మాలో తేల్చడం కోర్టు పని కాదు, ఏపీపీ పని అంతకన్నా కాదు. చేసిన పని పక్కన చేసినవాడి పేరు రాయించడం మా పని. గుంపు అనే ముద్దాయి ఏ చార్జిషీటులోనూ ఉండడు. వెతికితే ఒక చెయ్యి దొరుకుతుంది, ఆ చేతికి ముందు ఒక నోరు దొరుకుతుంది. ఆ రెండు పేర్లూ రాసేవరకు కేసు ముగిసినట్టు కాదు.