డి డ్రైవ్‌లో దాచిన అవ్వ పాటలు

మా అవ్వ ఒక ఆయుష్షంతా నోట్లో భద్రంగా దాచుకున్న పాటల్ని నేను ఒక్క మధ్యాహ్నంలో మాయం చేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్తగా నవ్వండి.

అక్క కుప్పంలో జానపద పాటల మీద పరిశోధన చేస్తుండేది. బైరెడ్డిపల్లె దగ్గర ఉండే అవ్వ చేత కలుపు పాటలు, రాగులు విసిరే పాటలు పాడించి, పుంగనూరులో మా ఇంటి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోవి చోటు చాలక చెరిపేసింది. నెలలో సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. ఆ ల్యాప్‌టాప్ డిస్కును వాటాలు వేసుకున్నాం: సి, డి డ్రైవులతో విండోస్ అక్కది, లైనక్స్ నాది. నా వాటాలో చోటు నిండిపోయింది. మదనపల్లెలో కంప్యూటర్లు చదువుతున్న నాకు, డిస్కులో గోడలు జరపడం ఒక లెక్కా అనిపించింది.

పాటలకేమీ కాదు కదా అని అక్క రెండుసార్లు అడిగింది. బ్యాకప్ తీసే చేస్తానన్నాను. నా దృష్టిలో బ్యాకప్ అంటే సి డ్రైవ్‌లో ఉన్నది కట్ చేసి డి డ్రైవ్‌లో పెట్టడం. సి పాడైనా డి చెక్కుచెదరదని మా క్లాసంతా నమ్మేది. రెండూ ఒకే డిస్కు ముక్కలని నాకు తెలుసండీ, తెలిసే చేశాను.

సిని కుదించాను. ఖాళీ అయితే వచ్చింది గానీ, దానికీ నా లైనక్స్‌కూ మధ్య డి అడ్డంగా కూర్చుంది. సరే, డిని పక్కకు జరపమన్నాను. సగం జరిగాక కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి అప్పటికే ఏడాది.

మదనపల్లెలో రిపేరు షాపాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"బ్యాకప్ యాడ పెట్టినావప్పా?"

"డిలో."

"నువ్వు జరిపింది?"

"డినే."

ఆయన కళ్లజోడు తుడుచుకుని నన్ను ఇంకోసారి చూశాడు. రెండు రోజులు తంటాలు పడి, ఒక్క పాటా దక్కలేదన్నాడు.

అక్క తిట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బైరెడ్డిపల్లె బస్సెక్కింది.

విషయం విన్న అవ్వ నా గడ్డం పట్టుకుంది. "యాలప్పా మొగం అట్ల యాలాడేసుకోని ఉండావు? నాకు నోరుండాది గదా. ఇసుర్రాయి తిరిగితే పాట దానంతట అదే వస్తాది, కూసో ఈడ."

నాలుగు రోజులు నేను రాగులు విసిరాను, అవ్వ పాడింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అక్క ప్రతి పాటనూ ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచింది.

చివరి రోజు అవ్వ కొత్త పాట ఎత్తుకుంది. ముందు ఇది పాడలేదే అని అక్క అడిగితే, "ఇప్పుడే కట్టినా" అంది. అందులో పెద్ద చదువులు చదివిన మనవడొకడు అవ్వ పాటలన్నీ ఊడ్చి పారబోస్తాడు. ఆ పాట ఇప్పుడు కుప్పంలో, అట్టవేసిన గ్రంథంలో ఉంది. ఆ మనవడెవరో కింద చిన్న అక్షరాల్లో అక్క వివరంగా రాసింది.

కాబట్టి విసురురాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బ్యాకప్ వేరే డిస్కులో పెట్టనిదే, బ్యాటరీ బతికుందో లేదో చూడనిదే, ఏ డ్రైవునూ అంగుళం కూడా జరపను. పాటలు కట్టే అవ్వ ఉన్న ఇంట్లో అసలే జరపను.