మా బావ ఒంట్లో తయారైన తేలు మందు

మా బావని తేలు కుట్టిందని నాకు తేలు మీద కోపం రాలేదు. మా అక్క మామగారి మీద వచ్చింది. కృష్ణలో మూడు మునకలు వేసినా అది చల్లారలేదు.

మా బావది నేతపని. నేలలో తవ్విన గుంట మీద ఉంటుంది మగ్గం. గుంటలోకి కాళ్ళు దింపి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. నేను బెజవాడ నుంచి చీరల కోసం వాళ్ళ ఊరు వెళ్ళిన పొద్దున, ఆయన కాలు దింపడం, కేక వేయడం ఒక్కసారే జరిగాయి. ఆ కేక విని ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు సైరన్ అనుకుని జనం క్యారేజీలు సర్దుకునే ఉంటారు.

చూస్తే వేలెడంత లేని ఎర్రతేలు.

"ఓస్, ఇదా! నల్లదైతే భయపడాలి గానీ," అన్నారు మామయ్యగారు. "పైగా వీణ్ణి పోయినేడూ కుట్టిందోయ్. ఒంట్లో మందు తయారై ఉంటుంది."

"ఆయనేమన్నా మందుల ఫ్యాక్టరీనా అండీ?"

"నీకు తెలీదు, ఊరుకో. అమ్మాయ్, ఉల్లిపాయ రుద్దు."

అక్క ఉల్లిపాయ పట్టుకుని ఏడుస్తోంది. బావ ఒంటి మీద చెమట కాలవలు కడుతోంది, చేతులు మాత్రం ఐసుగడ్డలు. "గుండె దడదడా కొట్టుకుంటోందిరా," అన్నాడు.

ఇంకెవరి మాటా వినలేదు. కార్లో పడేసుకుని బయల్దేరాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కులో నాకు పదేళ్ళ వయసు పెరిగింది.

ఆస్పత్రిలో మామయ్యగారి మాట చెప్పగానే డాక్టరమ్మ నన్నే తిట్టింది. "ఎర్రదే ప్రమాదమండీ! ఆ విషంలో బుల్లి బుల్లి ప్రొటీన్లుంటాయి. నరాల్లో సోడియం వెళ్ళే తలుపుల్ని తెరిచి, మూసుకోనివ్వవు. ఆ దెబ్బ గుండె మీద పడుతుంది."

"మరి పోయినేడు కుట్టినందువల్ల..."

"ఒక్కసారి కుడితే రక్షణ వచ్చేస్తుందా? గుర్రానికి కొంచెం కొంచెంగా నెలల తరబడి విషం ఎక్కిస్తే దాని రక్తంలో ఆ విషాన్ని విరిచే యాంటీబాడీలు పుడతాయి. ఇప్పుడు ఈయనకి ఎక్కిస్తున్నది ఆ యాంటీబాడీలే."

మూడో రోజు బావని ఇంటికి తెచ్చాను. గుమ్మంలోనే మామయ్యగారు చెయ్యి ఊపారు. "చూశావా! రెండోసారి కాబట్టే తట్టుకున్నాడు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెలల తరబడి సూదులు పొడిపించుకున్న గుర్రానికి ఒక్క దండం లేదు! ఈలోపు బావ, "ఇప్పుడు గుర్రం మందు కూడా ఉందిగా, ఇంక ఢోకా లేదు," అంటూ ఆ చీకటి గుంటలోకే కాలు పెట్టబోయాడు.

"అది అరువు మందు బావా! కొన్ని వారాల్లో పోతుంది!" అని అరిచి, రెక్క పట్టుకు లాగి, టార్చి వేసుకుని నేనే గుంటలోకి దిగాను.

పైనుంచి మామయ్యగారు వంగి చూశారు.

"జాగ్రత్తోయ్! నిన్ను ఇంతవరకూ ఒక్కసారీ కుట్టలేదు!"