డబ్బాలో తెల్ల మాత్రలు

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం చేసే పద్మనాభం గారికి ఆమె కొడుకు, ఇంట్లో పేరు వినయ్. శ్రీదుర్గ అన్నది తనకు తాను పెట్టుకున్న పేరు. గుండుగొలనులో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. కొల్లేటి రైతులు సీసాల్లో తెచ్చే నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో చూసి చెప్పడం ఆమె పని.

వట్లూరులో బ్యూటీపార్లర్ నడిపే అలేఖ్య కూడా మగపిల్లాడిగా పెరిగిన మనిషే. ఆడతనం తెచ్చే హార్మోను మాత్ర పేరు రెండేళ్ళ కిందట ఆమే చెప్పింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం శ్రీదుర్గకు లేకపోయింది. ఏలూరులో ఫణీంద్ర తన మందుల షాపులో డాక్టరు చీటీ అడగకుండా ఇచ్చేవాడు. ఇంట్లో పేరు కనబడకూడదని మాత్రలు రేకులోంచి ఒలిచి విటమిన్ డబ్బాలో పోసుకునేది. ఒళ్ళు నెమ్మదిగా మారింది. వదులు చొక్కాలు వేసుకుంది. అద్దంలోకి చూడటం మొదటిసారి ఇష్టమైంది.

పోయిన ఆషాఢంలో తేడా వచ్చింది. కూర్చున్నా గుండె దడదడలాడేది. నిద్ర పట్టదు, ఎంత తిన్నా ఒళ్ళు నిలవదు. ల్యాబులో డ్రాపర్ పట్టుకుంటే చేతులు వణికి చుక్కలు తప్పేవి. మెత్తబడిన చెంపలు మళ్ళీ గరుకెక్కుతున్నాయి. మాత్ర అరచేతిలో వేసుకుని చూసుకుంది. చిన్నది, తెల్లది. చూడటానికి అదే.

నకిలీ మందు అనుకుంది. నేరుగా ఫణీంద్ర షాపుకి వెళ్ళింది.

"ఏవండీ, ఈమధ్య ఇస్తున్నవి మునుపటివేనా?"

"అవేనండీ. అనుమానమైతే ఇంకెక్కడైనా తీసుకోండి," అన్నాడు అతను, తలెత్తకుండా.

ఆ తలెత్తకపోవడమే ఆమెకు అనుమానం తెచ్చింది. ఇతన్ని చూపించిందెవరు? అలేఖ్య. చీటీ లేకుండా కొనే మనుషులు ఎవరికి చెప్పుకుంటారు? ఇద్దరూ కలిసి ఏదో అంటగడుతున్నారు. ఆ సాయంత్రమే వట్లూరు వెళ్ళి ఆ మాట అనేసింది కూడా.

అలేఖ్య పార్లరు తలుపు దగ్గరగా వేసింది. తర్వాత, "నేనూ ఆ కొట్లోనే కొంటున్నానమ్మా. నాకేం కాలేదు. రేపు రక్తం చూపించుకుందాం, నేనూ వస్తాను," అంది.

రెండు రోజుల తర్వాత ఏలూరులో లేడీ డాక్టరు రిపోర్టు ముందు పెట్టుకుని అడిగింది.

"థైరాయిడ్‌కి మందు వాడుతున్నారా?"

"లేదండీ."

"వాడుతున్నట్టే ఉంది, అదీ ఎక్కువగా. మీ ఇంట్లో ఎవరైనా వాడతారా?"

శ్రీదుర్గ సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టి, ఏ మాత్రలని కొన్నదీ చెప్పింది. డాక్టరు ఒక మాత్ర తీసి, దాని మీద గీత చూసి, మెల్లగా తలాడించింది. "ఇవి మీరు కొన్న ఆడ హార్మోను మాత్రలు కావు, థైరాయిడ్‌వి. మార్చింది ఎవరో మీకే తెలియాలి. కానీ రెండేళ్ళు ఒక్క పరీక్షైనా లేకుండా హార్మోన్లు మింగింది మాత్రం మీరే. అదీ చిన్న విషయం కాదు."

ఇంట్లో థైరాయిడ్ ఉన్నది అమ్మ పరమేశ్వరికి ఒక్కదానికే.

శ్రీదుర్గ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వంటింట్లో బియ్యం ఏరుతోంది. శ్రీదుర్గ చేతిలో డబ్బా చూడగానే చేట పక్కన పెట్టేసింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మూడు నెలలు." ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "స్నానం చేసి వస్తుంటే నీ ఒళ్ళు చూశాను నాన్నా. ఆ పార్లరు మనిషి నీకు మందు పెట్టిందనుకున్నాను. డబ్బా ఖాళీ చేస్తే మళ్ళీ తెస్తావు. అందుకని నువ్వు తెచ్చినప్పుడల్లా అవి తీసేసి నావి పోశాను. పదేళ్ళుగా వేసుకుంటున్నాను, నాకేం కాలేదు కదా."

"ఎవరూ పెట్టలేదు. నా అంతట నేనే వేసుకున్నాను. నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే చెబుతావా?"



వారం తిరగకుండా ఆమె వట్లూరులో గది తీసుకుంది. వణుకు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మాత్రలు డాక్టరు రాసిన చీటీ మీదే తీసుకుంటుంది, మూడు నెలలకోసారి రక్తం ఇస్తుంది. అలేఖ్య క్షమించానంది గానీ, ఏ సలహా అడిగినా, "డాక్టరు గారిని అడుగమ్మా," అని ఊరుకుంటుంది.

పరమేశ్వరి ఆదివారాలు బస్సెక్కి వస్తుంది. వినయ్ అనదు, శ్రీదుర్గ అనీ అనదు. క్యారేజీ విప్పి, ప్రతి గిన్నెలోంచీ ఒక్కో ముద్ద కలిపి, కూతురు చూస్తుండగా ముందు తాను తింటుంది. తర్వాతే కంచం జరుపుతుంది. అక్కర్లేదని శ్రీదుర్గ ఇంతవరకు అనలేదు.