పెరట్లోంచి విన్న సినిమా

మొన్న విజయనగరం నుంచి పాసింజరులో వస్తుంటే, పక్క సీటులో ఒకమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనులో ప్రేమ సినిమా చూస్తోంది. మెడ చాచి నేనూ చూశాను గానీ, శబ్దం లేకపోయేసరికి అందులో అబ్బాయి బతిమాలుతున్నాడో దెబ్బలాడుతున్నాడో ఎంతకీ తేలలేదు. బొమ్మ లేకుండా, వట్టి శబ్దంతోనే ఒక సినిమా మొత్తం నడిపించిన రోజులు నాకున్నాయంటే మన ఈడువాళ్ళు నమ్ముతారు.

అరవైల చివర్లో, చీపురుపల్లిలో మా పెరటి గోడవతల టూరింగు టాకీసు డేరా వేశారు. అప్పటికి అక్క తొలి కాన్పుకి పుట్టింట్లో ఉంది. సీమంతం నాడు నాన్న ఏదో నోరు జారితే, బావ విస్తరి ముందు నుంచి లేచి తన ఊరు పాతపట్నం వెళ్ళిపోయి, మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. పిలవడానికి నాన్నకి పౌరుషం అడ్డం, రావడానికి బావకి. నిండు చూలాలు డేరాలోకి వెళ్ళకూడదని అమ్మ కట్టడి చేసింది కనక, పొద్దువాలగానే అక్కా నేనూ పెరట్లో నులకమంచం వాల్చుకుని, రోజూ ఆడే అదే సినిమా వినేవాళ్ళం.

మాటలు గాలికి కొట్టుకుపోయేవి గానీ, సంగీతం మాత్రం శుభ్రంగా గోడ దాటేది. వేణువు మీద గెంతుతూ ఒక పాట వరస వచ్చిందంటే కథానాయకుడూ నాయికా కలుసుకున్నారన్నమాట. డోళ్ళు మోగితే ఎవరో పెద్దాయన అడ్డుపడ్డాడన్నమాట. ఆఖర్న అదే వేణువు వరస ఫిడేలు మీద, పదాల్లేకుండా, మెల్లగా వచ్చేది. మా పేచీ అంతా అక్కడే.

"అదే పాటగదే, ఆడొచ్చీసినాడు," అనేది అక్క. వచ్చేవాడు అంత నీరసంగా వస్తాడా అని నేను. ఒకే వరస ఒకసారి నవ్వించి, మరోసారి గుండె పిండడమేమిటో తెలుసుకుందామని, నేను దాన్ని గబగబా ఒకసారి, సాగదీసి ఒకసారి పాడి చూసుకునేదాన్ని. నాకు పిచ్చెక్కిందని అమ్మ అనుకుంది. అక్క ఆ వరస కోసం ఎందుకంత పట్టుబడుతోందో నా బుర్రకి కొంచెం ఆలస్యంగానే ఎక్కింది.

డేరా ఎత్తేస్తారనగా మేనత్త నన్ను సినిమాకి తీసుకువెళ్ళింది. ఆ వరస మొదలయ్యేసరికి కళ్ళు విప్పార్చుకుని చూశాను. కథానాయిక ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది. మొహం కదలను కూడా లేదు, ఏడ్చిందంతా ఫిడేలే. ఆమెకి పాత రోజులు గుర్తొస్తున్నాయని చెప్పడానికి పాట వచ్చింది గానీ అతను రాలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క గోడ దగ్గరే నిలబడి ఉంది. "ఆడొచ్చినాడేటే?" అంది. అబద్ధమాడదామనిపించింది గానీ నోరు రాలేదు. రాలేదే, పాటొక్కటే వచ్చింది అన్నాను.

అక్క తిన్నగా నాన్న ఎదటికి వెళ్ళి, ఎన్నడూ లేనిది గొంతు పెంచింది. "ఒట్టి పాటొస్తే నాకేటి పని? మడిసి రావాల. నువ్వే ఎల్లి తీసుకురా, నాన్నా."

ఎవరికీ తలొగ్గని నాన్న మర్నాడు పొద్దున్నే కండువా దులిపి భుజాన వేసుకుని పాతపట్నం బస్సెక్కాడు. సాయంత్రం బావా, ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పక్కపక్కన నడుచుకుంటూ వచ్చారు. నాకు అప్పుడు పట్టరాని సంతోషం వేసింది.

ఆ రోజుల్లో ఒక పాట మళ్ళీ వినాలంటే రేడియోవాడు దయతలచాలి. ఇప్పుడు వేలితో తాకితే చాలు, ఏ పాటైనా పలుకుతుంది. అక్క ఉన్నన్నాళ్ళూ బావ ఆ పాట ఫోనులో పెట్టి, ఆమెను ఆటపట్టించేవాడు. ఆ పాట ఇంకా ఆ ఫోనులోనే ఉంది. బావ పెట్టడు, నేనూ పెట్టమని అడగను.