సీవాళి లేని నాదస్వరం

దయ్యాలంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ముందే చెబుతున్నాను, ఇది చదివాక మీరే నన్ను చూసి నవ్వచ్చు.

పుదుచ్చేరి ఒర్లియంపేటలో మాకు బట్టల కొట్టు. నాకున్న పిచ్చల్లా వాద్యాలు పోగు చేయడం. ఓడెక్కి ఫ్రాన్సు వెళ్ళిపోతూ ఓ దొర అమ్మేసిన వయొలిన్, తీగలు తెగిన వీణ, చర్మం చిరిగిన మృదంగం, ఏదీ వదల్లేదు. వాయించడం మాత్రం ఒక్కటీ రాదు.

ఓ ఏడు వీరాంపట్టినంలో మేళగాడొకాయన పోతే, ఆయన భార్య దగ్గర నాదస్వరం కొన్నాను. నోట్లో పెట్టుకుని ఊదే గడ్డి పీక, అదే సీవాళి, దానికి లేదు. అది లేకపోతే ఎంత ఊదినా స్వరం పలకదు. గోడకు తగిలించుకోవడానికే కదా అని నేనూ అడగలేదు.

అప్పటికి మా ఆవిడ కనకమ్మకు నెలలు నిండాయి. ముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఈ బిడ్డయినా దక్కాలని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాం.

"పోయినోళ్ళ వస్తువు ఇప్పుడు ఇంట్లోకి ఏందండీ? యాడైనా పెట్టేసి రాండి" అంది కనకమ్మ. చాదస్తమని కొట్టిపారేశాను.

సరస్వతీ పూజకు వాద్యాలన్నీ పూజగదిలో పేర్చి తలుపు వేశాం. మర్నాడు హారతిచ్చేదాకా వాటిని ఎవరూ ముట్టరు. ఆ మధ్యాహ్నమే కనకమ్మకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. మంత్రసాని వీపు చరిచింది, నీళ్ళు చల్లింది. చివరికి గడప దగ్గరికి వచ్చి తల అడ్డంగా ఊపింది.

అప్పుడు మూసిన పూజగదిలోంచి నాదస్వరం వినిపించింది. నీలాంబరి రాగంలో జోలపాట, చాలా మెల్లగా. మంత్రసాని నా చెయ్యి పట్టుకుంది.

పురిటిగదిలోంచి కనకమ్మ అడిగింది: "ఎవరండీ ఊదేది? బిడ్డ నిద్రపోయిందా?"

గోడకు ఆనుకుని ఏడ్చాను.

పాట ఆగాక పూజగది తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. నాదస్వరానికి సీవాళి ఉంది. ముట్టుకుంటే తడిగా తగిలింది.

కొన్నాళ్ళకు దాన్ని వీరాంపట్టినం తీసుకెళ్ళి మేళగాడి భార్యకు చూపించాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఆయన సీవాళీలన్నీ ఆయన చితిలోనే వేసేసినాం నాయనా. ఒకటీ మిగల్లా."

అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ చెప్పలేను. ఇప్పటికీ వాద్యాలు కొంటూనే ఉన్నాను. ఆ నాదస్వరాన్ని మాత్రం తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. ఒద్దన్నది కనకమ్మే.

"ఉండనీండి. నా బిడ్డకి దక్కిన జోల అదొక్కటే."