బెల్టు మీది మూత

ఆదివారం సాయంత్రం ఆరు గంటల పదిహేను నిమిషాలు. గడియారం నా ఎదురుగా గోడకే ఉంది కాబట్టి పొరపాటు లేదు. ఆ గడియారం కిందే, గోడకు ఆనించి, ఒక ఇనుప మూత నా కంటపడింది. అది ఉండాల్సింది సాంచ బెల్టు మీద. సాంచ అప్పటికే నడుస్తోంది. బెల్టు బట్టబయలుగా తిరుగుతోంది. ఇంకో పది నిమిషాల్లో నా మనవరాలు పన్నెండు మూరల తెల్లబట్ట నేలమీద ఈడ్చుకుంటూ ఆ బెల్టు పక్కనుంచి నడవాలి.

సాంచ అంటే మరమగ్గం. సూరత్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు అదే నడిపాను.

మనవరాలు బట్టలు కుట్టించే చదువు చదివింది. చివరి పరీక్ష కాగితం మీద కాదు, జనం ముందు ప్రదర్శన. అమ్మాయిలు వచ్చి నడిచిపోతారు, అంతే అనుకున్నాను. కాదు, దానికో కథ ఉంది. మూటతో రైలు దిగిన ఆడమనిషి, సూరత్ భేస్తాన్‌లో ఒంటి గది, కార్ఖానాలో నూలు కండెలు చుట్టడం, ఒళ్ళో పిల్ల. ఒక్కో ఘట్టాన్ని ఒక్కో అమ్మాయి కట్టుకుని నడుస్తుంది. కథలో ఆడమనిషి నా భార్యే. ఆఖరి ఘట్టం మనవరాలిది. తెల్లబట్ట భుజాలకు తగిలించుకుని, నడుస్తున్న సాంచ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి ముందుకు రావాలి. పాట లేదు. సాంచ దెబ్బకే అందరూ అడుగు వేయాలి. దాని దగ్గర మైకు పెట్టి పెద్ద స్పీకర్లలో వదిలారు. సూరత్ పక్కన పల్సానాలో ఖాళీగా పడున్న షెడ్డు ఒకటి దొరికితే అక్కడే ఏర్పాటు చేశారు.

నెల ముందే చెప్పాను. "బిడ్డా, సాంచ కాడ మేం కొంగు గూడ జారనియ్యం. నువ్వు పన్నెండు మూరలు ఈడుస్తనంటవేంది?"

"అందుకే గద తాతా, బెల్టు మీద మూత పెట్టించిన. టెన్షన్ మత్ లో. పక్కన నువ్వుంటవ్."

"ఈయన ఉంటడనే నా భయం," అంది నా భార్య.

నవ్వుకున్నాం. నాకు మాత్రం లోపల నవ్వు లేదు. ఒకప్పుడు మా కార్ఖానాలో పక్క సాంచవాడి తువ్వాల బెల్టులో పడింది. తువ్వాల అతని మెడలో ఉంది. అంతకన్నా రాయను.

మరి మూత గోడకెందుకు చేరింది? పొద్దున నూనె పోయడానికి నేనే విప్పాను. మా కార్ఖానాల్లో ఎవరూ మూతలు ఉంచేవాళ్ళు కాదు. రోజుకు నాలుగుసార్లు బెల్టు జారుతుంది. జారినప్పుడల్లా నాలుగు బోల్టులు విప్పి బిగించేసరికి పక్కవాడు మూరెడు నేసేస్తాడు. అందుకే కొత్త సాంచ వస్తే మొదటిరోజే మూత విప్పి గోడకు ఆనించేవాళ్ళం. ఆ పొద్దున నా చేతులు అదే పని చేశాయి. నూనె పోశాను, గుడ్డతో తుడిచాను, పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను కళ్ళకద్దుకున్నాను, టీ తాగడానికి వెళ్ళాను.

ఆరూ పదిహేనుకు అది కంటపడగానే నా చెయ్యి సాంచ ఆపే హ్యాండిల్ మీదికి పోయింది. సాంచ ఆపితే తప్ప మూత బిగించలేం. ఆపితే తాళం పోతుంది, ఆమె పరీక్ష చెడుతుంది. ఇంకోటి కూడా ఉంది, దాచను. ముప్పై ఎనిమిదేళ్ళ పనివాడు మూత మరిచాడని నలుగురికీ తెలుస్తుంది. ఆపలేదు.

నా చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. బెల్టు అవతలి వైపు, నాకు కనిపించదు. అటువైపు మొదటి కుర్చీలో నా భార్య ఉంది. ఆ చప్పుడులో అరిచినా వినపడదు. కార్ఖానాలో మా మాటలన్నీ చేతులతోనే సాగేవి. రెండు పిడికిళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాను: బెల్టు. అరచెయ్యి బోర్లించి తీసేశాను: మూత లేదు. ఆమె ముఖం పాలిపోయింది. కుర్చీ వదిలి లేచి నిలబడింది. వెనకవాళ్ళు కూర్చోమంటున్నట్టున్నారు, ఆమె కదల్లేదు.

మనవరాలు వచ్చింది. తల ఎత్తి, దెబ్బకో అడుగు. నా ముందునుంచి దాటి సాంచ వెనక్కి తిరిగింది. మనిషి కనపడటం లేదు, బట్ట మాత్రం నా ముందునుంచి జారిపోతూనే ఉంది. నేను భార్య చేతులనే చూస్తున్నాను. బట్ట చివర కూడా మూల తిరిగింది.

ఆమె చెయ్యి గాలిని కోసింది: ఆపు.

హ్యాండిల్ లాగేశాను. మోటారు ఆగినా బెల్టు ఒకటిరెండు చుట్లు తిరిగే ఆగుతుంది. అవతల బట్ట చిరిగిన చప్పుడు వినిపించింది. తరవాత ఏ చప్పుడూ లేదు. మనవరాలు అటువైపు నుంచి బయటికి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఒక చెయ్యి మెడ దగ్గర ఉంది. బట్ట అంచు జానెడు చిరిగి, గ్రీజు నలుపుతో వెనక ఈడుస్తోంది. తాళం లేకుండానే చివరిదాకా నడిచింది.

తెర వెనక అడిగింది. "ఏమైంది తాతా? ఎందుకాగింది?"

"పేక తెగింది బిడ్డా."

పేక అంటే అడ్డపోగు, అది తెగితే సాంచ దానంతటదే ఆగుతుంది. నమ్మింది. చిరుగు ఏదో మేకుకు పట్టిందనుకుంది. పరీక్షలో గట్టెక్కింది గానీ, ఆఖరి ఘట్టంలో తాళం తప్పిందని మార్కులు తగ్గించారు. నూలు అమ్మినవాడిని ఇప్పటికీ తిడుతుంది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "పొల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పవా?"

"చెప్తే మళ్ళ నన్ను సాంచ కాడికి రానియ్యదు."

"రాకుంటెనే మంచిది. గా నూలాయన ఏం పాపం చేసిండయ్యా?"

నోటితో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. సూరత్‌లోనే డిండోలిలో మావాళ్ళ సంఘం హాల్లో పిల్లలకు తెలుగు చెబుతుంటే, మనవరాలిని దింపడానికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుండిపోయాను. ఆమె ముందు బల్ల మీద ఉండేది. కాబట్టి ఇది చదవగలదు. బిడ్డా, పేక తెగలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: కథ నడిచిన తొమ్మిదిమంది అమ్మాయిలు, మార్కులు వేసిన ముగ్గురు, వాళ్ళ పంతులమ్మ, స్పీకర్ల దగ్గర కూర్చున్నాయన, కుర్చీల్లో ఆ అమ్మాయిల తల్లిదండ్రులు, నా కొడుకు, కోడలు, కూర్చోమన్నా కూర్చోని నా భార్య, తెల్లబట్టలో మనవరాలు, మూత విప్పిన నేను.