అదృశ్య హస్తం మీద పంటి గాట్లు

సునామీ తర్వాత మా పోర్ట్‌బ్లెయిర్‌లో చాలామందికి ఆత్మదర్శనం అయింది. ఇళ్లు పోయినవాళ్లు గుడారాల ముందు మంచినీళ్ల కోసం బిందెలతో నిలబడి ఉంటే, ఇళ్లు మిగిలినవాళ్లు తమ లోపలి మనిషిని వెతుక్కునే పనిలో పడ్డారు. మా వీధి చివర కిరాణా కొట్టాయన మాంసం మానేశాడు, మాటలు తగ్గించాడు, ఈ దేహం తనది కాదని చెప్పడం మొదలుపెట్టాడు. తూకంలో మాత్రం ఏ మార్పూ రాలేదు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒకావిడ మా స్కూల్లో పిల్లలందరినీ కళ్లు మూసుకోమని, మనసులో ప్రశాంతమైన సముద్రాన్ని ఊహించుకోమంది. సగం క్లాసు ఏడుపు లంకించుకుంది. మంచి పురోగతి అని ఆవిడ మా టీచరుతో చెప్పి వెళ్లింది.

మా తెలుగు చర్చి ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. బతు బస్తీలో రేకుల కప్పు కింద ప్రార్థన చేసుకునే మావాళ్లంతా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చి ఉండిపోయినవాళ్లే. పాటలు అయ్యాక, పాస్టరుగారు వాక్యం చెప్పేముందు, సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తన జీవితంలో చేసిన మేలేమిటో ఎవరైనా లేచి చెప్పవచ్చు. దానికొక వరస ఉంది. ముందు పాత జీవితం ఎంత పాడుగా ఉండేదో చెప్పాలి, తర్వాత దేవుడు తాకిన ఘడియ, ఆ తర్వాత కొత్త జీవితం. సునామీకి ముందు ఈ కార్యక్రమం చప్పగా సాగేది. ఒకరికి జ్వరం తగ్గేది, ఒకరికి ట్రాన్స్‌ఫర్ ఆగేది, ఒకరి గొలుసు మంచం కింద దొరికేది.

సునామీతో అందరి దశా తిరిగింది. నీళ్లు మా ప్రాంతంలో ఒక్క రోజే వచ్చినా, మా చర్చిలో ప్రతి ఆదివారం వచ్చేవి. పాదాలు తడిసినవాళ్లకు వారం తిరిగేసరికి మోకాళ్లు తడిసేవి. ఇంకో వారానికి పీకల దాకా. ఎవరూ అబద్ధం ఆడుతున్నామని అనుకోలేదు. పక్కవాళ్ల సాక్ష్యం విన్నాక తమది మరీ తక్కువగా ఉందని మొహమాటపడ్డారు, అంతే.

వీళ్లందరిలోకీ మా నాన్న మేటి. ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ‘ఏటే అమ్మీ’ తప్ప ఇంకో మాట ఎరగని మనిషి, మైకు ముందు నిలబడితే బైబిలు భాషలోకి దిగేవాడు. “నా కుమార్తె పరిశుద్ధ గ్రంథము కొరకు తిరిగి ఇంటిలోనికి వెళ్లెను. జలములు ఆమెను చుట్టుకొనెను. అంతట ఒక అదృశ్య హస్తము ఆమెను పైకి లేవనెత్తెను.” ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయేది. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవారు. తర్వాత తర్వాత నీళ్లు మా మేడ మీదికి కూడా వచ్చాయి. మాకు మేడ లేదు.

ఆ కుమార్తెను నేనే. జరిగింది నాకు బాగా గుర్తుంది.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. చర్చిలో కుర్చీలు సర్దడానికి నాన్న పొద్దున్నే వెళ్లిపోయాడు. భూమి ఊగి ఆగాక వీధంతా రోడ్డు మీదకొచ్చింది. కాసేపటికి మా ఇంటి వెనక ఖాడీలోంచి, అంటే సముద్రపు పాయలోంచి, నీళ్లు పొంగి వస్తున్నాయని కేకలు వినిపించాయి. అమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది. నేను విడిపించుకుని లోపలికి పరిగెత్తాను. పరిశుద్ధ గ్రంథం కోసం కాదు, చెప్పుల కోసం. పండక్కి కొన్న ఎత్తు మడమల చెప్పులు. ఒక్కరోజే వేసుకున్నాను. వాటిని చేతిలో పట్టుకుని పెరటి గుమ్మంలోంచి బయటపడేసరికి నీళ్లు నడుం దాకా ఉన్నాయి. కాలు జారి, గోడ పక్కనున్న కాలవలో పడ్డాను. నీళ్లు నన్ను ఖాడీ వైపు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాయి.

గోడకి అవతల రాంచీ దీదీ ఇల్లు. వాళ్ల పెద్దలు అడవి పనికి రాంచీ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆమె రోడ్డు పనికి వెళ్లేది. ఆ గోడ మీద బోర్లాపడుకుని, నా జడ పట్టుకుని లాగింది. ప్రాణాలు పోతున్నప్పుడు ఎవరైనా పట్టుకుంటే కృతజ్ఞత పొంగుకొస్తుందని చదువుకున్నవాళ్లు రాస్తారు. నాకు మాత్రం జుట్టు ఊడిపోతున్నంత నొప్పి, పైగా చెప్పులు జారిపోతున్నాయన్న కోపం. అందిన చేతిని కసుక్కున కరిచాను. ఆమె వదల్లేదు. తిట్టుకుంటూ, హిందీలో నాకు అప్పటికి తెలియని మాటలన్నీ నేర్పిస్తూ, నన్ను గోడ మీదికి లాక్కుంది.

సాయంత్రం మా అమ్మే తన పాత చీర చించి దీదీ మణికట్టుకి కట్టు కట్టింది. పసుపు డబ్బా మూత తీసి అందించింది మా నాన్నే. ఉప్పునీళ్లు పడి ఆ పుండు చాలాకాలం మానలేదు. మానాక గాట్లు మిగిలిపోయాయి.

ఇన్ని తెలిసిన నాన్న, దీదీని కాస్తా అదృశ్య హస్తం చేసేశాడు. మొదట్లో ఇది నాకు పట్టలేదు. కాస్త పెద్దయ్యాక ఒకసారి అడిగాను.

“దీదీ అని సెప్తే అది సాచ్చికం అవదు అమ్మీ,” అన్నాడు ఓపిగ్గా. “పక్కింటోల్ల ఇషయం అవుద్ది.”

దీదీ కూడా క్రైస్తవురాలే. కాకపోతే ఆమె వెళ్లేది వేరే గుడికి. అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు, మరియమ్మ ముందు మోకరిస్తారు, ప్రార్థన హిందీలో ఉంటుంది. మావాళ్ల లెక్కలో అలాంటివాళ్లు రక్షణకి ఇంకా లైనులో ఉన్నవాళ్లు. అలాంటి మనిషి చేత్తో దేవుడు మావాళ్ల పిల్లను లాగించాడంటే బాగుండదు కదా.

నాన్న సాక్ష్యానికి పేరొచ్చింది. డిగ్లీపూర్ సంఘం వాళ్లు కూడా పిలిపించారు. రోజంతా బస్సులో కూర్చుని వెళ్లి, అక్కడ మా మేడ మీదికి నీళ్లు ఎక్కించి వచ్చాడు. ఆయన్ని సంఘ పెద్దగా నిలబెట్టాలని మాటలు నడుస్తున్న రోజుల్లో నా బాప్తిస్మం దగ్గరపడింది. అప్పటికి నేను కాలేజీకి వచ్చాను.

వెనకటికి మా చర్చి బాప్తిస్మాలు సముద్రంలోనే ఇచ్చేది. సునామీ తర్వాత పాస్టరుగారు, నీళ్ల మీద నడిచిన దేవుణ్ణి ఎంత నమ్మినా, నీళ్ల జోలికి పోదలచుకోలేదు. ఒక నల్లటి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు తెప్పించి, పైభాగం కోయించి, చర్చి వెనక పెట్టించారు. ఎక్కడానికొక స్టూలు, దిగడానికింకొకటి. అందులో మునిగి లేచిన మనిషి పాతవాడు పోయి కొత్తవాడవుతాడు. మునిగేముందు మాత్రం సంఘం ఎదుట సాక్ష్యం చెప్పి తీరాలి. అది లేనిదే ట్యాంకు లేదు.

నాకు బాప్తిస్మం తీసుకోవాలనే ఉంది. ఇది ఎగతాళి కాదు. ఆ నీళ్లలో మునిగితే, రాత్రిళ్లు కలలో నన్ను ఈడ్చుకుపోయే నీళ్లు ఆగిపోతాయని నమ్మాను. అందుకే ఆ నీళ్ల ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి భయపడ్డాను. నాన్న చెప్పే కథే నేనూ చెప్పాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. కుమార్తె స్వయంగా లేచి అదృశ్య హస్తం అంటే, ఇక ఆయన పెద్దరికానికి అడ్డేముంది?

“సెప్పుల కోసం ఎల్లినానని సెప్తావేటి? మంది నవ్వరా?” అన్నాడు నాన్న.

నేను గోడ దగ్గరికి వెళ్లాను. దీదీ చేపలు శుభ్రం చేస్తోంది. మా చర్చిలో ఆమె చేతిని ‘అదృశ్య హస్తం’ అంటారని చెప్పాను.

“అదృశ్య మత్‌లబ్?”

“కనపడనిది.”

పొలుసులంటిన చేతిని ఎత్తి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. “దిఖ్‌తా తో హై,” అంది. కనిపిస్తూనే ఉందిగా అని. మళ్లీ చేపలో పడింది.

ఆదివారం రమ్మని పిలిచాను. గుడికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. ఎవరూ కుర్చీ చూపించలేదు కాబట్టి తలుపు దగ్గర నిలబడింది.

తెల్లబట్టల్లో మైకు ముందుకి వెళ్లాను. నా పాత జీవితంలో చెప్పుకోదగ్గ పాపాలు లేవు కాబట్టి చెప్పులతో మొదలుపెట్టాను. నడుం దాకానే నీళ్లన్నాను. మేడ లేదన్నాను. ముందు వరసలో నాన్న తల దించుకున్నాడు. అయినా నేను ఆపలేదు. “నన్ను లాగింది కనపడని చెయ్యి కాదండి. ఆ చెయ్యి తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను కరిచిన గుర్తులు ఇంకా ఉన్నాయి.”

సంఘమంతా తిరిగి చూసింది. దీదీ ఏదో దొంగతనం పట్టుబడినట్టు చేతిని కొంగు కింద దాచుకుంది.

“మరి మారుమనస్సు ఎక్కడ, సిస్టర్?” అన్నారు పాస్టరుగారు.

“అది ఇంకా రాలేదండి. అప్పుడూ మొండిదాన్నే, ఇప్పుడూ మొండిదాన్నే. ఆమె లేకపోతే ఈ మొండితనం కూడా మిగిలేది కాదు.”

నేను ఇంకా సిద్ధపడవలసి ఉందని పాస్టరుగారు తేల్చారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ట్యాంకులో మునిగి కొత్తవాళ్లై వస్తుంటే, నేను పొడిబట్టలతో పక్కన నిలబడి చూశాను. ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్తుంటే నాన్న నాకంటే ముందు, వెనక్కి చూడకుండా నడిచాడు.

ఇక ఆయన సాక్ష్యం చెప్పడనుకున్నాను. నాన్నని తక్కువ అంచనా వేశాను. మరుసటి ఆదివారమే లేచాడు. “దేవుడు ఆ అన్యభాషా స్త్రీని తన సాధనముగా వాడుకొనెను.” ఇదివరకటికంటే ఎక్కువమంది ఏడ్చారు. ఆ నెలలోనే ఆయన సంఘ పెద్ద అయ్యాడు. పాస్టరుగారు నన్ను పిలిచి, ఇప్పుడు అంతా చక్కబడింది కాబట్టి నేనూ ఈ మాటే చెప్పి బాప్తిస్మం తీసుకోవచ్చన్నారు.

“దీదీకి ముందు వరసలో కుర్చీ వేయిస్తారా?” అని అడిగాను.

ముందు వరస సంఘ సభ్యులకే అని ఆయన నచ్చజెప్పారు. నేను రానన్నాను. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న నాతో మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. మాట్లాడినా ఆ విషయం మాత్రం ఎత్తలేదు.

దేవుడు నిన్ను వాడుకున్నాడట అని దీదీకి చెప్పాను. “అచ్ఛా,” అంది ఆలోచించి. “ముజ్‌సే పూఛా నహీ.” తనని అడగలేదట.

నల్ల ట్యాంకు ఇప్పటికీ ఉంది. ఎండకి అంచులు పగిలాయి. కలలో నీళ్లు ఇప్పటికీ వస్తాయి, వచ్చిన ప్రతిసారీ జుట్టు కుదుళ్లు నొప్పెట్టి మెలకువ వస్తుంది. నిన్ను నువ్వు ఎప్పుడు తెలుసుకుంటావు సిస్టర్ అని చర్చివాళ్లు కనిపించినప్పుడల్లా జాలిపడతారు. కిరాణా కొట్టాయన ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాడు. నేనెవరో తెలియాలంటే నాకు గోడ దాటితే చాలు. దీదీ మణికట్టు మీద పళ్ల వరసతో సహా ఉంది.

వానాకాలం వస్తే ఆ చెయ్యి సలుపుతుందట. ఇప్పుడామె పనికి వెళ్లడం లేదు. సాయంత్రాలు కొబ్బరినూనె వెచ్చచేసి తీసుకెళ్తాను. చెయ్యి నా ఒడిలో పెట్టేముందు నా మొహంలోకి అనుమానంగా చూస్తుంది.

“అబ్ మత్ కాట్‌నా,” అంటుంది. ఇక కరవకు అని.